తుడిచిన గోడ

హిల్డా గ్రిమ్‌షా ఇంటి గడప చూస్తే ఎంతటివాడికైనా బూట్లు విప్పి లోపలికి పోవాలనిపించేది. టెంటర్ వీధిలో ముప్ఫై నాలుగు ఇళ్ళు, అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నవే, అన్నీ మునిసిపాలిటీ అద్దెకిచ్చినవే. అయినా ఏ ఇంటి ఆడమనిషి ఎలాంటిదో గడప చూసి తేల్చేసే వీధి అది. శుక్రవారం పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని తెల్లరాయి పెట్టి గడప తెల్లబడేలా రుద్దని మనిషిని దారిలో పలకరిస్తారు గానీ టీకి మాత్రం పిలవరు. హిల్డా ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. బిడ్డ పుట్టి పోయిన వారం కూడా ఆ గడప తెల్లగానే ఉందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి ఇంట్లో, మేడ మీద వెనక గదిలో, మంచం తల వైపు గోడ నల్లగా బూజు పట్టి ఉంది. నాలుగేళ్ళ కిందట పైకప్పు నుంచి వాననీళ్ళు దింపే గొట్టం పగిలింది. అప్పటినుంచి కురిసిన ప్రతి వానా ఆ గోడే తాగింది. ఆ ఊళ్ళో వానకి సెలవెక్కడిది? మొదటి ఏడాది హిల్డా మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళి చెప్పింది. వాళ్ళు మనిషిని పంపలేదు, ఒక చిన్న పుస్తకం పంపారు. కిటికీలు తెరవండి, గిన్నెల మీద మూతలు పెట్టండి, ఇంట్లో బట్టలు ఆరేయకండి, గోడలు రోజూ తుడవండి అని అందులో ఉంది. నీళ్ళు కారేది వాళ్ళ గోడలోంచి, మూతలు పెట్టాల్సింది మాత్రం ఈవిడ! హిల్డా ఆ పుస్తకం చదివి సిగ్గుతో చచ్చిపోయింది. మళ్ళీ ఆఫీసు ముఖం చూడలేదు. గోడ మాత్రం రోజూ తుడిచేది.

ఆ మంచం మీద పడుకునేది ఆమె భర్త క్లిఫర్డ్. నలభై ఒక్క ఏళ్ళు నూలు మిల్లులో పత్తి ఏకే గదిలో పనిచేశాడు. మిల్లు మూతపడే నాటికి అతని ఊపిరితిత్తుల్లో పత్తి దుమ్ము తప్ప మరేం మిగల్లేదని డాక్టర్లు తేల్చారు. అతన్ని కింద పడుకోబెడదామంటే ముందు గదిలో పొయ్యిని మునిసిపాలిటీ వాళ్ళే ఇటుకలతో మూసేశారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గ్యాసు హీటరు పై గదిలోనే ఉంది. వెచ్చదనం కావాలంటే ఆ గోడ పక్కనే పడుకోవాలి.

అక్టోబరులో క్లిఫర్డ్‌కి ఊపిరాడక పెద్దాసుపత్రిలో చేర్చారు. ఛాతీ జబ్బుల వార్డులో డాక్టర్ మెగ్సన్ అనే చిన్నపిల్ల, మనవరాలి వయసుది, మంచం పక్కన కూర్చుని అడిగింది.

"మీరు పడుకునే గది ఎలా ఉంటుందండీ?"

"భలేగా ఉంటుంది డాక్టరమ్మా. గోడ నిండా నల్ల పూలు. మా ఆవిడ చుక్క నీళ్ళు పోయకపోయినా పూస్తూనే ఉంటాయి."

"నోరు మూసుకో," అంది హిల్డా, చెవులు ఎర్రబడి. ఆ వార్డులో నేల తుడిచే పని ఆమె పంతొమ్మిదేళ్ళు చేసింది. హిల్డా తుడిచిన చోట కంచం లేకుండా తినొచ్చని అక్కడి నర్సులు ఇంకా అంటూనే ఉన్నారు. వాళ్ళ ముందా ఈ మాటలు?

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "చూడండి, ఇంకో చలికాలం ఆ బూజు పీలిస్తే మీరు తట్టుకోలేరు. నేను మునిసిపాలిటీకి ఉత్తరం రాస్తాను. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. తప్పు గోడదైతే బాగుచేయించడమో, మీకు వేరే ఇల్లు ఇవ్వడమో వాళ్ళ బాధ్యత. అంతవరకు మిమ్మల్ని సముద్రం ఒడ్డున విశ్రాంతి గృహంలో ఉంచుదాం. ఆ రిపోర్టు నాకూ వస్తుంది. అది చూశాకే మిమ్మల్ని ఇంటికి పంపేది," అంది. అంటే క్లిఫర్డ్ బతుకు ఆ ఒక్క కాగితం మీద ఆధారపడింది. ఆ సంగతి హిల్డాకి ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పనిలేదు.

నవంబరు మొదట్లో ఉత్తరం వచ్చింది, గురువారం పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడని. ఆ సాయంత్రమే పక్కింటి ఎడ్నా వెనక తలుపు తోసుకుని వచ్చి కూర్చుంది. ముప్ఫై ఆరేళ్ళ పొరుగు, తలుపు కొట్టే మర్యాద ఎప్పుడో పోయింది.

"ఏమే, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడటగా?"

"నీకెవరు చెప్పారే?"

"ఈ వీధిలో ఎవరు చెప్పాలి? సరేగానీ, ముప్ఫై ఒకటో నంబరు ఐరిస్ గుర్తుందా? పాపం, గోడ బాగుచేయమని తనే పిలిపించుకుంది. వాడొచ్చి ఏం రాశాడు? ఇల్లు శుభ్రంగా లేదు, చెమ్మకి కారణం అద్దెకున్నవాళ్ళ అలవాట్లు అని రాసి పారేశాడు. ఆ ఆఫీసు గుమాస్తా పెళ్ళాం ఆ మాట చేపల కొట్టు దగ్గర లైన్లో నిలబడి అందరికీ చదివి వినిపించినంత పని చేసింది. ఐరిస్ మళ్ళీ తలెత్తుకుని చేపలు కొందా? చెల్లెలి ఊరికి పారిపోయింది."

"ఐరిస్ మురికిమనిషేలే."

"మురికిమనిషని నీకెలా తెలుసు? వాడు రాశాక తెలిసింది." ఎడ్నా టీ తాగి కప్పు కింద పెట్టింది. "నీ ఇష్టం. నేనైతే ఆఫీసువాడు గడప తొక్కేలోపు ఇల్లు అద్దంలా పెడతాను."

ఆ రాత్రంతా ఆలోచించింది హిల్డా. తెలివితక్కువది కాదామె. ఆమె లెక్క ఆమెకుంది. ఇల్లు కడిగిన ముత్యంలా కనిపిస్తే, చెమ్మ ఈమె అలవాట్ల వల్ల రాలేదని ఇన్‌స్పెక్టరుకి తెలిసిపోతుంది. అప్పుడు బూజు సంగతి నోటితో చెబుతుంది. శుభ్రమైన మనిషి మాట నమ్మడా? నల్లగోడ చూపిస్తే మాత్రం ముందు గోడని చూస్తాడు, తర్వాత తన మొహం చూస్తాడు, ఆపైన ఇంకేం వినడు. లోకం తెలిసినవాళ్ళెవరైనా ఇలాగే ఆలోచిస్తారనుకుంది. ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళు ఇలాగే ఆలోచిస్తారు మరి. అదే వాళ్ళ కొంప ముంచింది.

సోమవారం రెండు సీసాల బ్లీచింగు, ఒక డబ్బా తెల్ల పెయింటు కొనుక్కొచ్చింది. మంచం ఒక్కతే లాగింది. బ్రష్షు పెట్టి రుద్దుతుంటే కళ్ళు మండి నీళ్ళు కారాయి. బకెట్లో నీళ్ళు ఆరుసార్లు నల్లబడ్డాయి. ఒకచోట సున్నం పెచ్చు చేతిలోకి ఊడొచ్చింది. వెనక ఇటుక మీద చెయ్యి పెడితే తడి తగిలింది. గభాల్న చెయ్యి తీసేసుకుని ఆ కంతలో పిండి లాంటి ప్లాస్టరు కూరింది. హీటరు రెండు రోజులు ఆర్పకుండా వెలిగించి గోడ పై పొర ఆరబెట్టింది. పెయింటు రెండు పూతలు వేసింది. బుధవారం మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి చూస్తే గోడ ధగధగలాడింది. నిజం దాచడమెందుకు, ఆ క్షణాన మొగుడి సంగతి మర్చిపోయి గోడని చూసి మురిసిపోయింది.

ఇన్‌స్పెక్టరు పేరు ఆష్‌వర్త్. నలభై దాటిన మనిషి, చెడ్డవాడేం కాదు. గడప ముందే ఆగి, గుడ్డ మీద బూట్లు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఈ గడప తొక్కాలంటే భయమేస్తోంది."

"తొక్కు నాయనా, తొక్కడానికేగా ఉంది." హిల్డాకి పొంగు ఆగలేదు. పెళ్ళికి వచ్చిన మంచి కప్పుల్లో టీ ఇచ్చింది. అతను వంటగది చూశాడు, ముందు గది చూశాడు, తల ఊపుతూ మెట్లెక్కాడు.

పై గదిలో గోడ మీద అరచెయ్యి ఆనించాడు. సంచిలోంచి చిన్న పెట్టె లాంటిది తీశాడు. దాని కొసన రెండు ఇనుప సూదులున్నాయి. అవి గోడలోకి గుచ్చితే లోపల ఎంత తడి ఉందో ముల్లు తిరిగి చూపిస్తుందట. సూదులు గోడకి బెత్తెడు దూరంలో ఉండగా హిల్డా నోట్లోంచి మాట జారిపోయింది.

"అయ్యో, నిన్న వేసిన పెయింటు నాయనా!"

అతను ఆగి, సూదుల వైపోసారి, ఆమె వైపోసారి చూసి నవ్వాడు. "నిజమేనమ్మా. ఇంత బాగున్న గోడకి చిల్లులు పెట్టి పాపం మూటగట్టుకోవడమెందుకు?" అని దాన్ని సంచిలో పెట్టేశాడు.

ఇప్పుడు చెప్పాలి. అనుకున్నది ఇదే కదా. హిల్డా గొంతు సవరించుకుంది.

"ఇక్కడ బూజు పట్టేది నాయనా."

"ఎక్కడమ్మా?"

"ఇదిగో, ఇక్కడ... కొంచెం."

కొంచెమట! మంచం పొడుగునా, నిలువెత్తున పట్టిన బూజుకి ఆ మాట ఎలా వాడిందో ఆమెకే తెలియదు. మంచి మర్యాదస్తురాలిగా నిలబడ్డ మనిషికి మరో మాట నోట రాలేదు.

"తుడిస్తే పోయింది కదా?" అన్నాడు ఆష్‌వర్త్ సంబరంగా. "మేం నెత్తీ నోరూ బాదుకుని చెప్పేది అదేనమ్మా. తుడవండి, గాలి ఆడనివ్వండి అని. వింటారా? అందరూ మీలా ఉంటే నా ఉద్యోగం పోతుంది."

అతను వెళ్ళాక హిల్డా మెట్ల మీద కూర్చుంది. ఏదో తప్పు జరిగిందని తెలుస్తూనే ఉంది. కానీ తనని అంతగా మెచ్చుకున్నవాడు చెడు రాస్తాడా అని మనసుకి సర్దిచెప్పుకుంది. పిచ్చిది, అతను మంచి రాయడమే తన పాలిట చెడని అప్పటికింకా తట్టలేదు.

మరుసటి మంగళవారం ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టర్ మెగ్సన్ చేతిలో ఆ కాగితం ఉంది. పక్కన హెడ్ నర్సు ఉంది, ఒకప్పుడు హిల్డాతో కలిసి టీ తాగిన మనిషి.

"'వెనక పడకగది పొడిగా, చక్కని స్థితిలో ఉంది. చెమ్మకు ఆధారాలు లేవు. అద్దెదారు ఇంటిని ఆదర్శప్రాయంగా ఉంచుతున్నారు,'" అని చదివింది డాక్టరమ్మ. కాగితం దించి హిల్డా కళ్ళలోకి చూసింది. "నిజమేనా అండీ? పొడిగానే ఉందా?"

"హిల్డా ఇల్లు పొడిగా లేకపోతే ఇంకెవరి ఇల్లు ఉంటుంది డాక్టర్!" అంది హెడ్ నర్సు నవ్వుతూ.

హిల్డా క్లిఫర్డ్ వైపు చూసింది. అతనికి ఆ గోడ సంగతి తెలుసు. కానీ అతని కళ్ళు అప్పటికే ఇంటి దారి పట్టాయి. నెల రోజులుగా ముసలాళ్ళ దగ్గుల మధ్య పడున్న మనిషి. విశ్రాంతి గృహం మాట ఎత్తితేనే చంటిపిల్లాడిలా మొహం పెట్టేవాడు.

"అవును డాక్టరమ్మా," అంది హిల్డా. "పొడిగానే ఉంది."

ఇంటికొచ్చిన మధ్యాహ్నం, రెండు దిళ్ళు ఎత్తు పెట్టించుకుని పడుకున్న క్లిఫర్డ్ మెడ తిప్పి గోడని చూశాడు.

"ఎప్పుడు వేశావే ఈ పెయింటు?"

"మంగళ, బుధవారాల్లో."

"అతగాడు ఎప్పుడొచ్చాడు?"

"గురువారం."

క్లిఫర్డ్ వేళ్ళు మడిచి లెక్కేశాడు. తర్వాత నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగి, మనిషి ఊగిపోయి, మళ్ళీ ఊపిరి అందాక అన్నాడు, "మా అమ్మయితే ఆ గోడకి లేసు తెరలు కూడా కుట్టి పెట్టేది. నువ్వు నయమే పిచ్చిదానా."

"నవ్వుతావేంటి? నేను చేసింది అర్థమవుతోందా నీకు?"

"అర్థమయ్యే నవ్వాను. ఏడిస్తే నువ్వు తట్టుకోలేవు."

తెల్లారి హిల్డా టోపీ పెట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళింది. కిటికీ వెనక కూర్చున్న కుర్ర గుమాస్తాకి, తల వంచుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. బూజు ఉంది, తనే రుద్దేసింది, తనే పెయింటు వేసింది, మళ్ళీ వచ్చి చూడమని.

అతను ఫైలు తిరగేశాడు. "మీ కేసు మూసేశామండీ. చెమ్మ లేదని రాసుంది."

"అది తప్పు నాయనా. గోడలో తడి ఉంది. నేను దాచాను."

"దాచానంటున్నారా? అద్దె ఒప్పందంలో ఉంది చూడండి, లోపాలు కనబడితే వెంటనే తెలియజేయాలని. దాని మీద పెయింటు కొట్టారంటే ఇక ఆ గోడ బాధ్యత మీదే అవుతుంది. అలా రాసుకోమంటారా?" కోపంగా అనలేదు. నిబంధన గుర్తొచ్చినందుకు కాస్త సంతోషంగానే అన్నాడు. "లేదంటే మామూలుగా కొత్త ఫిర్యాదు పెట్టుకోండి. ఇప్పుడు పెడితే ఏప్రిల్‌లో చూస్తారు."

వెనక వరసలో ఐదుగురున్నారు. అందులో ఇద్దరు తెలిసినవాళ్ళే. హిల్డా ఏప్రిల్‌కి పేరు రాయించుకుని వచ్చేసింది. ఆ కిటికీ పగలగొట్టి రావాల్సింది. కానీ ఆమెకి అలాంటి తెగువ పుట్టుకతో రాలేదు.

క్లిఫర్డ్ ఇంటికొచ్చిన పదకొండో రోజున పెయింటు మీద బూడిదరంగు చుక్కలు లేచాయి. పదిహేనో రోజుకి చుక్కలు కలిసిపోయి మరకలయ్యాయి. మంచం అవతలి గోడకి లాగింది. ఆ చిన్న గదిలో అవతలి గోడ అంటే నాలుగడుగులే. గాలి మారదుగా. తుడిస్తే బ్లీచింగు వాసనకి అతనికి ఊపిరాడదు, తుడవకపోతే బూజు. హిల్డా గుడ్డ పట్టుకుని గది మధ్యలో నిలబడి ఏం చేయాలో తోచక ఏడ్చింది. మూడో వారం చివర్లో అంబులెన్సు వచ్చింది. డిసెంబరు తొమ్మిదిన, అదే వార్డులో, క్లిఫర్డ్ పోయాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ నెమ్ము చేరిందన్నారు.

అంత్యక్రియల రోజు ఆ వీధి ఆనవాయితీ ప్రకారం ముప్ఫై నాలుగు ఇళ్ళకీ కర్టెన్లు దించారు. ముందురోజే ఎడ్నా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు బకెట్లు పట్టుకుని వచ్చారు. చావింటికి జనం వస్తారు కదా, ఇల్లు కడిగిపెట్టడం ఇరుగుపొరుగు ధర్మం. హిల్డా వాళ్ళని కింద మాత్రం కడగనిచ్చింది. మెట్ల దగ్గర అడ్డంగా నిలబడి, పైకి ఎవరూ వెళ్ళొద్దంది. దుఃఖంలో ఉందిలెమ్మని ఎవరూ రెట్టించలేదు.

శ్మశానం నుంచి వచ్చాక ముందు గదిలో అందరూ ఒకరినొకరు రాసుకుంటూ నిలబడి టీలు తాగుతున్నారు, పంది మాంసం పెట్టిన రొట్టెముక్కలు తింటున్నారు. క్లిఫర్డ్ జోకులు చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. హిల్డా పళ్ళెం పట్టుకుని అందరికీ అందిస్తోంది. అప్పుడు వీధి చివరి ఇంటి నెల్లీ, మంచి మాట అంటున్నాననుకుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంత కష్టంలో కూడా ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచావే తల్లీ!"

హిల్డా పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. "కప్పులు కింద పెట్టండి," అంది. "అందరూ పైకి రండి."

"పైకెందుకే?" అంది ఎడ్నా.

"చెప్తున్నానుగా, రండి!"

ఆ గొంతు ఆ వీధి ఎన్నడూ వినలేదు. నల్లకోట్లు వేసుకున్న ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు ఆ ఇరుకు మెట్లెక్కారు. గదిలో పట్టనివాళ్ళు మెట్ల మీదే నిలబడ్డారు. హిల్డా కర్టెను బర్రున లాగింది. గోడ పైనుంచి కిందివరకు నల్లగా, అక్కడక్కడ నూగుతో, వాసన కొడుతూ ఉంది. పెయింటు పొక్కులు లేచి వేలాడుతోంది.

"ఇదీ నా శుభ్రం," అంది. "ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని నేనే రుద్ది, నేనే పెయింటు కొట్టాను. గోడ పొడిగా ఉందని నా నోటితో నేనే చెప్పాను. నా మొగుణ్ణి తెచ్చి ఇందులో పడుకోబెట్టాను. చూడండి, అందరూ బాగా చూసి వెళ్ళండి. వెళ్ళి చేపల కొట్టు దగ్గర చెప్పుకోండి."

ఎవరి మొహంలోనూ ఆమె ఎదురుచూసిన ఏవగింపు లేదు. వాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోకుండా నేల చూస్తున్నారు. అదే ఆమెకి వింతగా తోచింది.

"మాదీ అంతే," అంది ఎడ్నా చాలా నెమ్మదిగా.

"ఏంటి?"

"మా పై గది. బీరువా వెనక. ఏడేళ్ళయింది."

"మాది వంటింటి మూల," అని మెట్ల మీద నుంచి నెల్లీ గొంతు వినిపించింది. "కేలండరు వేలాడదీశా."

ఇంకెవరో ముక్కు చీదారు. హిల్డాకి ఒళ్ళు మండిపోయింది. ఓదార్పుగా అంటున్నారని తెలిసినా ఆ మాటలు నిప్పులా తగిలాయి.

"ఏడేళ్ళా? ముప్ఫై ఆరేళ్ళు నా ఇంట్లో టీ తాగావు కదే! ఇల్లు అద్దంలా పెట్టుకోమని నాకు బుద్ధులు చెప్పావు కదే! ఆ రోజు ఒక్కమాట, మాదీ అంతేనే హిల్డా అని ఒక్క మాట అనుంటే, ఇద్దరం కలిసి వాడికి చూపించేవాళ్ళం కదే! నా క్లిఫ్ బతికుండేవాడు కదే! నోరు ఎందుకు విప్పలేదు?"

ఎడ్నా తల ఎత్తింది.

"నువ్వు విప్పావా?" అంది.

హిల్డా చేతిలోని కర్టెను వదిలేసి గుమ్మం వైపు తిరిగింది.

"పద," అంది. "మీ ఇంటికి పద."

"ఇప్పుడా? ఈ బట్టలతోనా?"

"ఈ బట్టలతోనే."

అందరూ కిందికి దిగి, వానలో నాలుగడుగులు నడిచి, పక్కింట్లోకి వెళ్ళి, అలాంటి మెట్లే మళ్ళీ ఎక్కారు. బీరువా బరువుగా ఉంది. ఎడ్నా ఒకవైపు, హిల్డా ఒకవైపు, నెల్లీ భుజం ఆనించి, ముగ్గురూ కలిసి తోశారు. అది నేల గీసుకుంటూ పక్కకి జరిగింది. వెనకనుంచి చల్లటి గాలీ, తెలిసిన వాసనా ఒక్కసారి మీదికొచ్చాయి. ఈ గోడ హిల్డా గోడకన్నా నల్లగా ఉంది.

ఎడ్నా అందరి ముందూ దాన్ని చూసింది. మొహం కందిపోయింది. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే కోటు జేబులోకి వెళ్ళింది. శ్మశానంలో కళ్ళు తుడుచుకున్న చేతిరుమాలు తీసి, వంగి, గోడ మీద కనబడిన మొదటి మరకని రుద్దబోయింది.

హిల్డా ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తుడవకే," అంది. "నీకు దణ్ణం పెడతాను ఎడ్నా, తుడవకు."